పచ్చదనం వేరు, తడి వేరు: క్రిస్మస్ ఆకుచక్రం చెప్పే పాఠం

డిసెంబరు నెల వచ్చిందంటే గోదావరి డెల్టా పల్లెలలోను పట్టణాలలోను క్రైస్తవుల ఇండ్ల ముందు నక్షత్రదీపాలు వెలుగుతవి. సరుగుడు కొమ్మ నొకదానిని తెచ్చి, ఇసుక పోసిన బకెట్టులో నిలబెట్టి, రంగు కాగితాలు కట్టి దానిని క్రిస్మస్ చెట్టు అనటం మన కోస్తాలో చాలాకాలంగా ఉన్న అలవాటే. కొందరు గుమ్మానికో, ప్రార్థనా మందిరపు బల్లమీదనో పచ్చని కొమ్మలను గుండ్రంగా కట్టి అలంకరిస్తారు. ఇంగ్లీషులో దీనిని రీత్ అంటారు. మనం ఈ వ్యాసంలో ఆకుచక్రం అందాము.

ఒక డిసెంబరులో మా విద్యార్థి ఒకడు తాను కట్టిన ఆకుచక్రాన్ని చూపటానికి నన్ను వెంటబెట్టుకొని వెళ్ళాడు. కట్టి పదిరోజులయిందట. దాని నడుమ నాలుగు కొవ్వొత్తులు గుచ్చి ఉన్నవి. "పండుగ దాకా మార్చనక్కరలేదండి మాస్టారూ, ఇంకా పచ్చగానే ఉందండి" అన్నాడు. నేను ఒక కొమ్మను వేళ్ళ మధ్య పెట్టి నలిపాను. అది పెళపెళమని పొడి అయిపోయింది. రంగు పచ్చనే, లోపల నీరు మాత్రం లేదు. ఆ సాయంత్రం వాటికి నిప్పు అంటించి ఉంటే ఏమయ్యేదో ఇద్దరికీ అర్థమయింది. పచ్చగా ఉన్న ఆకు తడిగా కూడా ఉంటుందని మనం తెలియకుండానే నమ్ముతాము. ఈ నమ్మకం ఎక్కడ తప్పుతుందో, ఎందుకు తప్పుతుందో వివరించటమే ఈ వ్యాసం ఉద్దేశం.

ఆకుచక్రం కథ

ఆకులను చక్రంగా కట్టటం చాలా పాత ఆచారం. ప్రాచీన గ్రీకులు క్రీడలలో గెలిచినవారి తలపై ఆకుల కిరీటం పెట్టేవారు. క్రిస్మస్ కు ముందు నాలుగు ఆదివారాలు కలిసిన ఆగమన కాలంలో వెలిగించే దీపచక్రానికి మాత్రం ఒక స్పష్టమైన ఆరంభం ఉన్నది. జర్మనీలోని హాంబర్గు నగరంలో యోహాన్ హిన్రిక్ విహెర్న్ అనే లూథరన్ మతబోధకుడు బీదపిల్లల కోసం ఒక ఆశ్రమం నడిపేవాడు. క్రిస్మస్ ఎప్పుడు, ఎప్పుడు అని పిల్లలు రోజూ అడుగుతూ ఉంటే, 1839లో ఆయన ఒక బండిచక్రం వంటి కొయ్యచట్రంమీద ఆదివారాలకు పెద్ద కొవ్వొత్తులు, తక్కిన రోజులకు చిన్న కొవ్వొత్తులు అమర్చి, రోజుకొకటి వెలిగించాడు. మొదట అందులో ఆకులు లేవు. పచ్చకొమ్మలు తరువాత, 1860 ప్రాంతంలో వచ్చి చేరినవి. చట్రం చిన్నదయి కొవ్వొత్తులు నాలుగయినవి.

గోదావరి మండలానికి కూడా క్రైస్తవ మిషనరీలు వచ్చింది ఆ కాలంలోనే. 1836లో మన దేశానికి వచ్చిన బౌడెన్, బియర్ అనే ఇంగ్లీషువారు నర్సాపురం కేంద్రంగా పనిచేశారు. 1840 దశకంలో ఉత్తర జర్మనీ మిషన్ సంఘం వారు రాజమహేంద్రవరంలో లూథరన్ శాఖను నెలకొల్పారు. అయితే ఫర్, స్ప్రూస్ చెట్లు మాత్రం ఇక్కడికి రాలేదు; అవి చలిదేశపు చెట్లు. వాటి స్థానంలో మనవారు సరుగుడు కొమ్మను ఎన్నుకున్నారు. ఈ ఎన్నిక వృక్షశాస్త్ర రీత్యా ఎంత చక్కనిదో ఇప్పుడు చూద్దాము.

సతత హరితం అంటే ఏమిటి?

సతత హరిత వృక్షం అంటే ఆకు ఎన్నడూ రాలని చెట్టు అని చాలామంది అనుకుంటారు. అది పొరపాటు. మామిడి, పనస, నరమామిడి చెట్ల కింద ఏడాది పొడుగునా ఎండుటాకులు ఊడుస్తూనే ఉంటాము. ఆకులన్నీ ఒకేసారి రాలక, పాతవి పోకముందే కొత్తవి రావటం చేత ఆ చెట్టు ఎప్పుడూ పచ్చగా కనబడుతుంది. బూరుగు, మోదుగ, టేకు చెట్లు ఆకులన్నీ రాల్చి కొంతకాలం మోడులై నిలుస్తవి. అవి ఆకురాల్చు చెట్లు.

చెట్టు ఆకును రాల్చటానికి ముఖ్య కారణం నీరు. ఆకు అడుగున కంటికి కనబడని పత్రరంధ్రాలు ఉన్నవి. ఆహారం తయారీకి కావలసిన బొగ్గుపులుసు వాయువు వాటిగుండానే లోపలికి వస్తుంది. ఆ తలుపు తెరిచినప్పుడల్లా లోపలి నీటి ఆవిరి బయటికి పోతుంది. దీనినే బాష్పోత్సేకం అంటారు. వేరునుంచి నీరు అందినంతకాలం చిక్కులేదు. ఐరోపా చలికాలంలో నేలలోని నీరు గడ్డకడుతుంది. వేరు దానిని పీల్చలేదు. చుట్టూ మంచు ఉన్నా చెట్టుకు అది కరవుకాలమే. అందుచేత ఓక్, బీచ్ వంటి వెడల్పాకుల చెట్లు ఆకులు రాల్చి ఖర్చు తగ్గించుకుంటవి. పైన్, ఫర్, స్ప్రూస్ చెట్లు మరొక దారి పట్టినవి. వాటి ఆకులు సూదులవలె సన్ననివి. పైన మైనపు పూతవంటి మందపాటి అవభాసిని ఉంటుంది. పత్రరంధ్రాలు గుంటలలో దాగి ఉంటవి. ఇట్టి ఆకు నీటిని పిసినారివలె ఖర్చుపెడుతుంది. ఆ పిసినారితనమే ఆకుచక్రానికి పనికివచ్చే గుణం.

సరుగుడు: సూదాకుల వేషం

అంతర్వేది, పేరుపాలెం వంటి సముద్రతీరపు ఊళ్ళలో సరుగుడు చెట్టు తెలియనివారు ఉండరు. కొందరు దీనిని సర్వి అని కూడా అంటారు. శాస్త్రనామం కాజురైనా ఈక్విసెటిఫోలియా. ఆగ్నేయాసియా, ఆస్ట్రేలియా, పసిఫిక్ దీవుల తీరాలు దీని స్వస్థలం. చూడటానికి పైన్ చెట్టువలె ఉంటుంది గాని దానికీ పైన్ కూ చుట్టరికం లేదు. పైన్ వివృతబీజ వృక్షం. సరుగుడు పూలు పూసే ఆవృతబీజ వృక్షం.

విద్యార్థులు ఒక సరుగుడు రెమ్మను చేతిలోకి తీసుకొని పరీక్షించండి. ఆకుపచ్చని సన్నని సూదివలె ఉన్నది ఆకు కాదు, కాండమే. దానిని మెల్లగా లాగితే గొలుసులో లంకెలు ఊడినట్లు కణుపుల దగ్గర ముక్కలుగా ఊడి వస్తుంది. ప్రతి కణుపు చుట్టూ పొలుసులవంటి చిన్న పళ్ళు 6 నుంచి 8 వరకు వలయంగా ఉంటవి. అవే దాని ఆకులు. ఆహారం తయారుచేసే పని ఆకుకు బదులు పచ్చని రెమ్మ చేస్తున్నది. రెమ్మ పొడుగునా సన్నని గాళ్ళు ఉన్నవి. పత్రరంధ్రాలు ఆ గాళ్ళలో, గాలి సూటిగా తగలని చోట దాగి ఉన్నవి. చిన్న గట్టి కాయవలె కనబడేది అనేక ఫలాలు కలిసిన గుత్తి. ఎండితే అది చిన్న నోళ్ళు తెరిచి, రెక్క ఉన్న తేలికపాటి గింజలను గాలికి వదులుతుంది.

పైన్ కు మంచునేలలో నీరు అందదు. సరుగుడుకు సముద్రపుటొడ్డున ఇసుక నీటిని నిలుపుకోదు, పైగా ఉప్పుగాలి. గడ్డకట్టిన నీరు, ఉప్పునీరు, ఇసుకలోనుంచి జారిపోయిన నీరు, ఈ మూడూ చెట్టుకు అందని నీరే. సమస్య ఒకటే కావటం చేత, సంబంధంలేని రెండు చెట్లు ఒకే రూపానికి వచ్చినవి. దీనిని అభిసారి పరిణామం అంటారు. కనుక హాంబర్గులో ఫర్ కొమ్మ చేసే పనిని మన సరుగుడు కొమ్మ చేయగలగటం కాకతాళీయం కాదు.

తెగిన కొమ్మ జమాఖర్చు

కొమ్మను చెట్టునుంచి కోసిన క్షణాన నీటి జమ ఆగిపోతుంది, ఖర్చు ఆగదు. కోసిన కొమ్మ చాలా గంటలు, తడి దొరికితే రోజుల తరబడి, బతికే ఉంటుంది, శ్వాసిస్తుంది. పత్రరంధ్రాలు మూసుకున్న తరువాత కూడా అవభాసినిగుండా కొద్దికొద్దిగా నీరు పోతూనే ఉంటుంది.

నీరు చెట్టులోకి ఎక్కే తీరు తెలిస్తే కొమ్మను ఎట్లా కోయాలో తెలుస్తుంది. 1894లో డిక్సన్, జోలీ అనే ఐరిష్ శాస్త్రజ్ఞులు చెప్పిన ప్రకారం, ఆకులో నీరు ఆవిరి అవుతూ ఉంటే, దారువులోని నీటిస్తంభం తాడు లాగినట్లు పైకి లాగబడుతుంది. నీటి అణువులు ఒకదానిని ఒకటి పట్టుకొని ఉండటమే ఆ తాడు బలం. ఎండలో ఆ తాడు బిగిసి ఉంటుంది. అప్పుడు కొమ్మను కోస్తే నీరు చటుక్కున లోపలికి జరిగి, కోసిన చోట నాళాలలోకి గాలి దూరుతుంది. గాలిబుడగ ఉన్న నాళం తరువాత నీటిలో పెట్టినా పీల్చలేదు. కాబట్టి కొమ్మను తెల్లవారుజామున, చెట్టు నీటితో నిండుగా ఉన్న వేళ కోయాలి. వెంటనే బకెట్టు నీటిలో మొదలు ముంచి, ఆ నీటిలోనే మరొక 2 సెంటీమీటర్లు ఏటవాలుగా కోసివేయాలి. గాలి దూరిన ముక్క పోయి మంచి నాళాలు నీటిలో తెరుచుకుంటవి. రాత్రంతా నీడలో అట్లాగే ఉంచి, మర్నాడు కట్టాలి.

ఖర్చు ఎంత వేగంగా జరుగుతుందనేది గాలిమీద కూడా ఆధారపడి ఉన్నది. ఐరోపాలో 5 డిగ్రీల సెంటీగ్రేడు చలి, 80 శాతం సాపేక్ష ఆర్ద్రత ఉన్నవనుకుందాము. ఆ వేడిమి వద్ద గాలి మోయగల ఆవిరి పీడనం 6.5 మిల్లీమీటర్లు, ఉన్నది 5.2, ఇంకా పట్టేది 1.3 మాత్రమే. రాజమహేంద్రవరంలో డిసెంబరు మధ్యాహ్నం 28 డిగ్రీలు, 70 శాతం ఆర్ద్రత అనుకుందాము. మోయగలది 28.3, ఉన్నది 19.8, ఇంకా పట్టేది 8.5 మిల్లీమీటర్లు. అంటే మన గాలి దాహం ఆ చలిగాలి దాహానికి ఆరు రెట్లకు పైన. పైన ఫ్యాను తిరుగుతూ ఉంటే ఆకును ఆనుకొని ఉన్న తడిగాలి పొర కూడా చెదిరి నష్టం ఇంకా పెరుగుతుంది. చలిదేశంలో ఆరుబయట వేలాడదీసిన ఆకుచక్రం నాలుగు వారాలు నిలిచిందని చదివి ఇక్కడ కూడా అన్నాళ్ళు ఉంచటం ఎందుకు తగదో ఈ చిన్న లెక్కే చెబుతుంది.

రంగు ఎందుకు నిలుస్తుంది?

నీరు పోయినా రంగు ఎందుకు పోలేదు? చెట్టుమీద ముదిరిన ఆకు పసుపుపచ్చగా మారటం దానంతట అది జరిగే పాడు కాదు. ఆకు కణాలు తమలోని పత్రహరితాన్ని ఎంజైముల సహాయంతో విడగొట్టి, ఆకులోని పనికివచ్చే సరకును చెట్టుకు తిరిగి పంపుతవి. అది బతికి ఉన్న కణం చేసే పని. ఆ పనికి నీరూ కావాలి, వ్యవధీ కావాలి. కోసిన కొమ్మ త్వరగా ఎండిపోతే కణాలు ఆ పనిని పూర్తి చేయకముందే నిలిచిపోతవి. పత్రహరితం చాలావరకు అట్లాగే మిగిలిపోతుంది. మన ఇండ్లలో కరివేపాకును నీడలో ఆరబెట్టి డబ్బాలో పోస్తారు. అది గలగలలాడుతుంది, అయినా పచ్చగానే ఉంటుంది. గుమ్మానికి కట్టిన మామిడి తోరణం కూడా అంతే.

కాబట్టి రంగు కొమ్మలోని నీటిని కొలిచే సాధనం కాదు. నీటిని కొలిచేవి రెండే: బరువు, వంపు. తడి ఉన్న రెమ్మను వంచితే వంగుతుంది. ఎండినది పుటుక్కున విరుగుతుంది.

నిప్పు దగ్గర నీటి విలువ

ఇది ఎందుకు ముఖ్యమో ఒక లెక్క వేద్దాము. 100 గ్రాముల తాజా కొమ్మలో సుమారు సగం, అంటే 50 గ్రాములు, నీరని అనుకుందాము. 30 డిగ్రీల దగ్గర ఉన్న ఒక గ్రాము నీటిని మరిగే స్థితికి తేవటానికి 70 కేలరీలు, ఆవిరి చేయటానికి 540 కేలరీలు, మొత్తం 610 కేలరీలు కావాలి. ఈ 540 కేలరీలే గుప్తోష్ణం. 50 గ్రాములకు 30,500 కేలరీలు. తాజా కొమ్మకు కొవ్వొత్తి మంట తగిలితే ఆ వేడిని మొదట నీరు తాగుతుంది. కొమ్మ చిటపటలాడుతుంది, పొగ వస్తుంది, చాలాసార్లు అంటుకోదు. ఎండిన కొమ్మలో ఈ కాపలా లేదు. పైగా రెమ్మలు సన్ననివి, వాటి మధ్య గాలి పుష్కలం. మంట ఒక్క క్షణంలో చక్రమంతా పాకుతుంది. సరుగుడు మంచి వంటచెరకని మన తల్లులకు, అమ్మమ్మలకు తెలిసినదే. అదే చెరకు కొవ్వొత్తి పక్కన, కాగితపు తోరణాల కింద, ఒక్కొక్క చోట తాటాకు పందిరిలో ఉన్నదని మరచిపోరాదు.

అందుచేత కొవ్వొత్తులను ఆకులలో గుచ్చకుండా, చక్రం నడుమ ఇసుక పోసిన పళ్ళెంలో నిలబెట్టాలి. మంటకు, దగ్గరి రెమ్మకు మధ్య జానెడు ఎడం ఉండాలి. పొట్టిగా కరిగిన కొవ్వొత్తిని మార్చాలి. వెలిగించి వదిలి వెళ్ళరాదు. విరిగే స్థితికి వచ్చిన రెమ్మలను తీసి కొత్తవి పెట్టాలి. చిన్న విద్యుద్దీపాలు వాడితే మరీ మంచిది.

కట్టే పద్ధతి

మన డెల్టాలో దొరికే వస్తువులతోనే ఆకుచక్రాన్ని చక్కగా కట్టవచ్చును. 30 సెంటీమీటర్ల వ్యాసం గల చక్రం కావాలంటే చుట్టుకొలత సుమారు 94 సెంటీమీటర్లు. అతుకు కోసం 16 కలిపి 110 సెంటీమీటర్ల వెదురు బద్దను రాత్రంతా నానబెట్టి వంచి కట్టండి. దానిమీద కొబ్బరి పీచును 3 సెంటీమీటర్ల మందాన చుట్టి, నానిన అరటి నారతో బిగించండి. పీచు ఉప్పుటేరులో నానినదయితే ముందుగా మంచినీటిలో రెండుమూడుసార్లు ఉతకాలి. లేకపోతే ఉప్పు కొమ్మలోని నీటిని లాగివేస్తుంది. కోనసీమలో పుష్కలమైన ఈ పీచు ఆకుచక్రానికి నీటితొట్టి.

సరుగుడు రెమ్మలను 15 సెంటీమీటర్ల ముక్కలుగా ఏటవాలుగా కోసి, మూడు నాలుగేసి కలిపి గుత్తులు కట్టండి. గుత్తి మొదలును తడి పీచులోకి దోపి నారతో చుట్టండి. తరువాతి గుత్తి కొస ముందుదాని మొదలును కప్పాలి. అన్నీ ఒకే దిక్కుకు వాలి ఉండాలి. 6 సెంటీమీటర్లకు ఒకటి చొప్పున 16 గుత్తులు సరిపోతవి. నడుమ నడుమ నరమామిడి, మామిడి ఆకులు, సరుగుడు కాయలు, కడియం ప్రాంతపు బంతి, చామంతి పూలు అమర్చవచ్చును. ఎరుపు కోసం గురివింద గింజలను మాత్రం వాడవద్దు. అవి తీవ్రమైన విషం. పగిలిన గింజను పిల్లలు నమిలితే ప్రాణాపాయం.

గుమ్మానికి నిలువుగా వేలాడదీసిన చక్రంలో నీరు కిందికి దిగి పైభాగం ముందుగా ఎండుతుంది. కాబట్టి రెండురోజులకొకసారి దించి, పళ్ళెంలో నీరు పోసి పది నిమిషాలు పడుకోబెట్టి, మరల కట్టేటప్పుడు పైభాగాన్ని కిందికి తిప్పండి. బల్లమీది చక్రాన్ని అంచున్న పళ్ళెంలోనే ఉంచవచ్చును.

తరగతిలో ఒక ప్రయోగం

మొక్క విడిచే నీటిని తూచి చూడవచ్చునని మొదట చక్కగా నిరూపించినవాడు ఇంగ్లండుకు చెందిన స్టీఫెన్ హేల్స్. కుండీలోని పొద్దుతిరుగుడు మొక్కను ఉదయం, సాయంకాలం తూచి, పగటివేళ అది సగటున 20 ఔన్సుల నీరు విడుస్తున్నదని ఆయన 1727లో ప్రకటించాడు. మనకు కావలసినది కూడా త్రాసే.

సరుగుడు, నరమామిడి, మామిడి, బంతి, గుమ్మడి రెమ్మలను దాదాపు ఒకే బరువుకు కోయండి. కోసిన చోటును కరిగిన మైనంతో మూసి, దారంతో నీడలో వేలాడదీయండి. ప్రతిరోజూ ఒకే వేళకు తూచి, మొదటి బరువులో ఎంత శాతం మిగిలిందో రేఖాపటం గీయండి. అదే పట్టికలో మరొక రెండు గడులు ఉంచండి: రంగు ఎట్లా ఉన్నది, వంచితే వంగిందా విరిగిందా. చివరకు అన్నిటినీ ఎండలో బరువు ఇక తగ్గని దాకా ఆరబెట్టి తూస్తే మొదట ఎంత నీరు ఉన్నదో తెలుస్తుంది. ఉదాహరణకు 100 గ్రాముల రెమ్మ చివరకు 50 గ్రాములకు తేలి, మూడవనాడు 80 గ్రాములు ఉన్నదనుకోండి. పోయినది మొత్తం బరువులో 20 శాతమే; ఉన్న నీటిలో మాత్రం 40 శాతం. ఏ రెమ్మలో రంగు, నీరు కలిసి పోయినవో, ఏ రెమ్మలో నీరు పోయినా రంగు నిలిచిందో విద్యార్థులే తేల్చాలి. ఉపాధ్యాయులు జవాబును ముందుగా చెప్పకుండా ఉంటే మంచిది.

కొమ్మ ఎక్కడిది?

చివరగా ఒక మాట. సరుగుడు వేళ్ళపై ఉండే బుడిపెలలో ఫ్రాంకియా అనే సూక్ష్మజీవులు గాలిలోని నత్రజనిని చెట్టుకు అందిస్తవి. అందుకే సారంలేని ఇసుకలో కూడా అది పెరుగుతుంది. తీరాన వరుసగా నాటిన సరుగుడు తోపులు గాలి విసురును తగ్గించి, ఇసుక పొలాలలోకి కొట్టుకురాకుండా ఆపుతవి. 1996 నవంబరు 6న వచ్చిన తుపానులో వెయ్యిమందికి పైగా ప్రాణాలు పోయినవి; కోనసీమలో కొబ్బరితోటలు నేలకొరిగినవి. ఆ రాత్రిని చూసినవారికి తీరాన ఒక చెట్టు నిలిచి ఉండటం విలువ వేరుగా చెప్పనక్కరలేదు. కనుక పండుగ కోసం తీరపు తోపులో చెట్టు తలను నరకరాదు. కలప కోసం, రాజమహేంద్రవరం కాగితపు మిల్లు కోసం పెంచిన సరుగుడు తోటలలో కోత జరిగినప్పుడు చివరి కొమ్మలు కుప్పలుగా మిగులుతవి. తోట యజమానిని అడిగి వాటిలో ఒక మోపు తెచ్చుకుంటే ఊరందరి ఆకుచక్రాలకు చాలుతుంది.

పండుగ అయిన తరువాత చక్రాన్ని విప్పి, ఆకులు, పీచు, నార అన్నీ మొక్కల పాదులలో వేయవచ్చును. ప్లాస్టిక్ ఆకుచక్రానికి ఈ గతి లేదు. మా విద్యార్థి ఆ సాయంత్రమే పాత చక్రాన్ని విప్పి కొత్త కొమ్మలతో కట్టాడు. ఈసారి కొవ్వొత్తులను ఆకులలో గుచ్చలేదు. నడుమ ఇసుక పళ్ళెంలో నిలబెట్టాడు. పక్కన ఒక చిన్న రెమ్మను విడిగా దారానికి కట్టి ఉంచాడు. అది ఎందుకని అడిగితే, "రోజూ వంచి చూడటానికండి" అన్నాడు.